బహిరంగ మార్గమున రహస్య రవాణా: కళాశాల రూటరుపై వి.పి.ఎన్. ఏర్పాటు

నిజాము రాజ్యమునకు సొంత తపాలా శాఖ ఉండిన దినములలో ఒక ఊరి కచేరీనుండి మరియొక ఊరికి పోవు ఉత్తరములను సంచిలో వేసి, మూతిని పురికొసతో బిగించి, ముడిపై లక్క కరగించి పోసి, దానిపై కచేరీ ముద్ర వేసెడివారు. సంచిని మోసికొనిపోవు హర్కారా నడచు బాట అందరిదియు. బండ్లవాండ్రు, బాటసారులు, దొంగలు కూడ ఆ బాటనే నడచెదరు. బాట ప్రక్కన నిలిచినవాడు సంచిని చూడగలడు, బరువు అంచనా వేయగలడు, అది ఏ దిక్కునకు పోవుచున్నదో చెప్పగలడు. లోపలి ఉత్తరమును మాత్రము చదువలేడు. సాహసించి విప్పినచో లక్క పగులును. పగిలిన ముద్రను చూచి అవతలి కచేరీవారు సంచిని అనుమానింతురు. 1869లో తన సొంత బిళ్ళలను వెలువరించిన ఆ శాఖ 1950లో భారత తపాలాలో కలసిపోయినది. లక్క ముద్ర వెనుకనున్న ఆలోచన మాత్రము పోలేదు. నేడది కంప్యూటర్ల నడుమ వి.పి.ఎన్. అను పేరుతో తిరుగుచున్నది.

వర్చ్యువల్ ప్రైవేట్ నెట్‌వర్క్ అనునది దాని పూర్తి పేరు. దీనిని తెనిగించి ‘ఆభాస స్వకీయ జాలము’ అనవచ్చును గాని, ఆ పేరు చెప్పి అడిగినచో అంగడివాడు మన ముఖము చూచును; కనుక వి.పి.ఎన్. అనియే వ్రాయుచున్నాను. ఇంటర్నెట్టుపై పోవు సమాచారమంతయు ప్యాకెట్లను చిన్న చిన్న పొట్లములుగా విడిపోయి ప్రయాణించును. ప్రతి పొట్లముపైనను పంపినవారి చిరునామా, అందవలసినవారి చిరునామా ఉండును. వి.పి.ఎన్. ఆ పొట్లమును చిరునామాతో సహా గూఢలిపిలోనికి మార్చి, మరియొక పొట్లములో పెట్టి, పైన సొరంగపు రెండు చివరల చిరునామాలను మాత్రమే వ్రాసి పంపును. అవతల విప్పిన పిదప లోపలి చిరునామా బయటపడి, ఉత్తరము చేరవలసిన బల్లకు చేరును. లోపలి పొట్లము ఎవరికీ కనబడక పోవుచున్నందున దీనిని సొరంగమని కూడ అందురు. ఇక రూటరు అనగా మన భవనమునకును వెలుపలి లోకమునకును నడుమ గడపవద్ద కూర్చున్న యంత్రము. లోపలికి వచ్చునది, బయటికి పోవునది అంతయు దాని చేతిమీదుగనే జరుగును. సొరంగపు ముఖద్వారమును అక్కడ ఉంచినచో లోపలి ప్రతి కంప్యూటరుకును వేరువేరుగా ఏర్పాటు చేయవలసిన పని తప్పును.

ఈ విషయమును మన వార్షిక సంచికలో వ్రాయుటకు ఒక కారణము కలదు. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక విద్యాసంస్థ కార్యాలయమున నేను కంప్యూటర్ల పని చూచుచుంటిని. దాని పేరు ఇచట అనవసరము. ఉపకారవేతనముల గడువు సమీపించినది. రాత్రివేళ ఇంటినుండి కూడ పని చేయు వీలు కల్పింపుమని గుమాస్తాగారు అడిగిరి. నేను రూటరులో 3389 అను సంఖ్యగల ద్వారమును తెరచి, కార్యాలయపు కంప్యూటరు తెర వారికి ఇంటనుండి కనబడునట్లు చేసితిని. దీనిని పోర్టు ఫార్వర్డింగు అందురు. పది నిమిషముల పని. టీ కూడ త్రాగించిరి. నెల తిరుగకముందే ఒక సోమవారము ఉదయము చూడగా విద్యార్థుల దస్త్రములన్నియు తెరువరాని స్థితిలో ఉన్నవి. తెరపై ధనము కోరుచు ఆంగ్లమున ఒక లేఖ. ఇట్లు తెరచియుంచిన ద్వారములకొరకు ప్రపంచమంతట యంత్రములు రాత్రింబవళ్ళు వెదకుచుండునని నాకు తెలియని సంగతి కాదు. మనది చిన్న ఊరు, మనలనెవరు చూతురులే అనుకొంటిని. యంత్రమునకు చిన్న ఊరు, పెద్ద ఊరు అను భేదము లేదు.

ధనము ఇయ్యలేదు. పిల్లలను తిరిగి పిలిపించి ఆదాయ ధ్రువపత్రములు, బ్యాంకు పుస్తకముల నకళ్ళు, ఆధార్ ప్రతులు మొదటినుండి తీసికొంటిమి. ఒక బాలిక ఇంట అసలు పత్రము దొరకలేదు. క్రొత్తది తేవలెనన్నచో తండ్రి రావలెను. ఆయన పాలమూరు కూలీలందరివలెనే పనికై పూనా పోయియుండెను. ఆయన వచ్చునప్పటికి గడువు దాటినది. ఆ ద్వారమును తెరచిన చేయి నాది. గుమాస్తాగారు అడిగినది సబబైన కోరికయే. దానికి సొరంగము ఇయ్యవలసినచోట నేను గోడకు కన్నము వేసి ఇచ్చితిని.

నేడు మన కళాశాలవంటి చోట్ల ఈ అవసరము నానాటికి పెరుగుచున్నది. ప్రిన్సిపాలుగారు మహబూబ్‌నగరులో సమావేశమునకు పోయి అక్కడినుండి హాజరుపట్టీ చూడగోరుదురు. వసతిగృహము ఒకచోట, కార్యాలయము మరియొకచోట ఉండును. లెక్కల పుస్తకము కార్యాలయపు కంప్యూటరులో ఉండగా గణకుడు నారాయణపేటలో ఉండును. ఒక్క మాట ఇక్కడనే స్పష్టపరుపవలెను. ప్రభుత్వ ఉపకారవేతనముల వెబ్‌సైటును గాని, బ్యాంకు వెబ్‌సైటును గాని తెరచుటకు వి.పి.ఎన్. అక్కరలేదు. చిరునామా మొదట ‘హెచ్.టి.టి.పి.ఎస్.’ అని ఉన్నచో ఆ దారి గూఢలిపిలోనే నడచుచున్నది. వి.పి.ఎన్. కావలసినది మన గోడలలోపల ఉండి లోకమునకు కనబడకూడని వస్తువులకు: దస్త్రముల కంప్యూటరు, లెక్కలు, నిఘా కెమెరాల పెట్టె.

విద్యార్థులలో పెక్కుమంది వి.పి.ఎన్. అనగానే ఫోనులోనికి దింపుకొను ప్రకటనల వస్తువును తలచెదరు. అది వేరు. అందులో మీ ఫోనునుండి ఆ కంపెనీ కంప్యూటరువరకు మాత్రమే సొరంగముండును. అక్కడ సంచి విప్పి, లోపలి ఉత్తరమును వారు లోకములోనికి వదలుదురు. అనగా మీరు ఎచ్చటెచ్చటికి పోవుచున్నారో మీ ఊరి ఇంటర్నెట్టు వ్యాపారికి బదులు దూరదేశపు వ్యాపారికి తెలియును. ఉచితముగా ఇచ్చువాడు ఆ ఖర్చును ఎచ్చటినుండి రాబట్టుచున్నాడో ఆలోచింపుడు. 2022 ఏప్రిల్ 28న భారత ప్రభుత్వపు కంప్యూటర్ అత్యవసర స్పందన సంస్థయైన సెర్ట్-ఇన్, ఇట్టి సేవల నమ్ము కంపెనీలు వాడుకదారుల పేర్లు, చిరునామాలు మున్నగువానిని అయిదేండ్లు భద్రపరుపవలెనని ఆదేశించినది. ఎక్స్‌ప్రెస్ వి.పి.ఎన్., నార్డ్ వి.పి.ఎన్., సర్ఫ్‌షార్క్ అను కంపెనీలు అందుకు సమ్మతింపక ఆ యేడే ఈ దేశమునుండి తమ సర్వర్లను తొలగించుకొన్నవి. ఒక సంస్థ తన ఉద్యోగులకొరకు తాను పెట్టుకొను వి.పి.ఎన్.కు ఈ నిబంధన వర్తింపదని తరువాత వివరణ వచ్చినది. కార్యవర్గ సభ్యులలో ఎవరికైన ఇది చట్టవిరుద్ధమేమో అను శంక ఉన్నచో నిశ్చింతగా ఉండవచ్చును.

సొరంగము త్రవ్వు పద్ధతులు పెక్కు గలవు. పాత రూటర్లలో ‘పి.పి.టి.పి.’ అను పేరు ఇంకను కనబడును. 1990 దశకమున మైక్రోసాఫ్టు మున్నగు కంపెనీలు దీనిని రూపొందించినవి. 2012లో మాక్సీ మార్లిన్‌స్పైక్ అను పరిశోధకుడు తన సహచరునితో కలసి, దాని సంకేతపదపు పరీక్షను ఒక్క దినములో ఛేదింపవచ్చునని చూపెను. 2016లో ఆపిల్ కంపెనీ తన యంత్రములనుండి దీనిని తీసివేసినది. కనుక రూటరులో అది ఉన్నను ముట్టుకొనరాదు. ఐ.పి.సెక్ అనునది బలమైనది, పెద్ద సంస్థలు వాడునది. కాని అందు ఎన్నుకొనవలసిన అంశములు మిక్కిలి ఎక్కువ, ఒక్కటి తప్పినను రెండు చివరలు పలుకరించుకొనవు. 2001లో వచ్చిన ఓపెన్ వి.పి.ఎన్. ఏండ్ల తరబడి నమ్మకముగా పనిచేసినది, నేటికిని చేయుచున్నది. మనవంటివారికి నేను చెప్పునది వైర్‌గార్డ్. జేసన్ డోనెన్‌ఫెల్డ్ అను యువకుడు దీనిని వ్రాసెను. 2020 మార్చిలో లైనక్స్ 5.6తో అది ఆ వ్యవస్థ గర్భములోనే చేరినది. మూల సంకలనము సుమారు నాలుగువేల పంక్తులే. చిన్న గ్రంథమగుటచే తప్పులు వెదకువారు పూర్తిగా చదువగలరు. ఇందులో ఎన్నుకొనుటకేమియు లేదు: గూఢలిపి ఇదియే, పద్ధతి ఇదియే అని ముందే నిర్ణయమై యున్నది. స్వేచ్ఛ తక్కువయని కొందరు నిపుణులు సణుగుదురు. అనుభవము లేనివానికి స్వేచ్ఛ ఎంత తక్కువయైన అంత క్షేమమని నా అభిప్రాయము.

వైర్‌గార్డులో సంకేతపదము లేదు, తాళపుచెవులు ఉన్నవి. వానిని వాడుకలో కీ అందురు. ప్రతి యంత్రమునకును రెండు కీలు: ఒకటి రహస్యమైనది, రెండవది బహిరంగమైనది. బహిరంగ కీని బోర్డుపై అంటించినను నష్టము లేదు. రహస్య కీ మాత్రము పుట్టిన యంత్రమును విడిచి పోరాదు. ఇది వినినవారు, అందరికిని తెలిసిన వస్తువుతో రహస్యమెట్లు నిలుచునని అడిగెదరు. నారాయణపేట నేతకారుల అద్దకమును తలచుకొనుడు. ఇద్దరు అద్దకపువారు అందరియెదుట ఒకే పసుపు రంగును చెరిసగము తీసికొనిరనుకొందము. ఒకడు ఇంటికి పోయి అందు తన రహస్యపు రంగును కలిపెను, మరియొకడు తన రహస్యపు రంగును కలిపెను. ఆ మిశ్రమములను నడిబజారులో మార్చుకొనిరి. మరల ఇంటికి పోయి, వచ్చిన మిశ్రమమున ఎవరి రహస్యపు రంగును వారు కలిపిరి. ఇప్పుడు ఇద్దరి తొట్లలోను ఉన్నది ఒకే రంగు. బజారులో నిలిచి అంతయు చూచినవాడు ఆ రంగును తయారుచేయలేడు, ఏలయన కలసిన రంగును విడదీయుట అతని వశము కాదు. ఈ ఉపాయమును 1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ అను వారు గణితరూపమున ప్రకటించిరి. బ్రిటిష్ ప్రభుత్వపు రహస్య కార్యాలయమున అంతకు ముందే కొందరు దీనిని కనుగొనియుండిరని 1997లో బయటపడినది. పాపము, ఉద్యోగధర్మము వారి నోరు కట్టివేసినది. వైర్‌గార్డులో రంగునకు బదులు 256 బిట్ల సంఖ్య ఉండును. తెరపై అది 44 అక్షరముల వరుసగా కనబడును. ఉభయులు కలిపి తీసిన రంగును సుమారు రెండు నిమిషములకొకసారి పారబోసి క్రొత్తది కలుపుకొందురు. కనుక ఒకనాటి సంచి ఎట్లో పగిలినను వెనుకటి సంచులు పగులవు.

ఇక పనిలోనికి దిగుదము. అందరును తెరపైని మీటలనుండి మొదలుపెట్టెదరు. నేను కాగితమునుండి మొదలుపెట్టుమందును. మొదట చిరునామాలు. లోపలి జాలములకొరకు మూడు సంఖ్యా సముదాయములను 1996లో ప్రత్యేకించిరి: 10తో మొదలగునవి, 172.16 మొదలు 172.31 వరకు ఉన్నవి, 192.168తో మొదలగునవి. అంగడినుండి తెచ్చిన రూటర్లలో పెక్కింటికి 192.168.1 లేక 192.168.0 అను వీధియే ముందుగా ఇచ్చియుందురు. కళాశాలయందును అదియే, గుమాస్తాగారి ఇంటను అదియే. ఇప్పుడు ఇంటి కంప్యూటరును 192.168.1.20కి పొమ్మన్నచో అది కళాశాలలోని 20వ ఇంటికి పోవలెనా, తన ఇంటిలోని 20వ దానికి పోవలెనా? మన ప్రాంతమున ‘కృష్ణకు పోవుచున్నాను’ అన్నవానిని నదికా, స్టేషనుకా అని అడుగవలసి వచ్చును గదా. కంప్యూటరు అట్లు అడుగదు, దగ్గరి దానికి పోయి ఊరకుండును. సొరంగము సరిగా నడచుచున్నను ఫలము లేదని తల పట్టుకొను సందర్భములలో సగము ఇవియే. కనుక కళాశాల కార్యాలయమునకు ఎవరి ఇంటను ఉండని వీధిని ఎన్నుకొనవలెను. 10.47.20.0/24 అనుకొందము, చివరి 24 అనగా ముందరి మూడు సంఖ్యలు వీధి పేరు, నాల్గవది ఇంటి నంబరు అని అర్థము. విద్యార్థుల వైఫైకి 10.47.30, ప్రయోగశాలకు 10.47.40, సొరంగమునకు 10.47.99. ఈ పట్టికను వ్రాసి కార్యాలయపు బీరువాలో పెట్టవలెను.

రెండవది, అన్నింటికంటె కష్టమైనది: బయటినుండి వచ్చువాడు మన రూటరును కనుగొనుట ఎట్లు? ఇంటర్నెట్టు పాత పద్ధతి చిరునామాలు మొత్తము సుమారు 429 కోట్లు. ప్రపంచ జనాభా 800 కోట్లు దాటినది, మనిషికి రెండు మూడు యంత్రములున్నవి. అందువలన పెక్కుమంది వ్యాపారులు వందలకొలది ఇండ్లకు ఒకే బహిరంగ చిరునామాను పంచుచున్నారు. సత్రములో పెక్కుమంది దిగి, ఉత్తరములన్నిటిని సత్రపు చిరునామాకే తెప్పించుకొనుటవంటిది ఇది. లోపలినుండి బయటికి ఉత్తరము వ్రాయవచ్చును, జవాబు వచ్చును. బయటివాడు తానై వచ్చి ఫలానావారు కావలెనన్నచో సత్రపు కాపరికి ఎవరిని పిలువవలెనో తెలియదు. మన స్థితి తెలిసికొనుటకు ఒక సులభోపాయము గలదు. రూటరు తెరలో వెలుపలి వైపు చిరునామాను చూచి వ్రాసికొని, ‘నా చిరునామా ఏది’ అని చెప్పు వెబ్‌సైటులో కనబడు సంఖ్యతో పోల్చవలెను. రెండును ఒకటే యైనచో మన ఇల్లు బజారుపైనే ఉన్నది. వేరైనచో, ముఖ్యముగా రూటరులోనిది 100.64 మొదలు 100.127 వరకు గల సంఖ్యలలో ఉన్నచో, మనము సత్రవాసులము. ఈ సంఖ్యలను ఇందుకొరకే 2012లో కేటాయించిరి.

సత్రవాసులకు కూడ మార్గములు గలవు. వ్యాపారిని అడిగి, వేరుగా రుసుము చెల్లించి, మారని బహిరంగ చిరునామాను తీసికొనుట మొదటిది. సంస్థకు ఇదియే మేలు. రెండు చివరలలో ఒకదానికి ఉన్నను చాలును. రెండవది తానై పిలుచును. క్రొత్త పద్ధతియైన ఐ.పి. ఆరవ కూర్పు చిరునామాలు రెండు వైపుల దొరకినచో అదియు పనికివచ్చును. ఈ రెండును లేనిచో ఎచ్చటనో ఒక చిన్న సర్వరును అద్దెకు తీసికొని, ఉభయులును దానిని పిలిచి అక్కడ కలిసికొనవచ్చును. అట్టి ఏర్పాటులో ఆ మధ్య మజిలీలో సంచి విప్పబడి, క్రొత్త ముద్రతో మరల కట్టబడునని మరువరాదు. ఆ మజిలీకి కూడ మన కార్యాలయమంత కాపలా అవసరము. చిరునామా బహిరంగమైనదే గాని తరచుగా మారుచున్నచో, మారినప్పుడెల్ల ఒక స్థిరమైన పేరునకు దానిని జోడించు డైనమిక్ డి.ఎన్.ఎస్. అను సౌకర్యము పెక్కు రూటర్లలో ఉన్నది.

రూటరు విషయము. వ్యాపారి ఇచ్చిన పెట్టెలో పెక్కు సార్లు వి.పి.ఎన్. ఉండదు, ఉన్నను మనకు తాళము ఇయ్యడు. అపుడు దాని వెనుక మన సొంత రూటరును పెట్టి, మొదటిదానిని బ్రిడ్జి పద్ధతిలోనికి మార్పించుకొనవలెను. కొనునపుడు వైర్‌గార్డ్ ఉన్నదా అని అడుగవలెను; లేదా 2004లో మొదలై స్వచ్ఛంద కార్యకర్తల కృషితో పెరిగిన ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి అను ఉచిత వ్యవస్థను ఎక్కింపదగిన రూటరును తీసికొనవలెను. సొరంగమునకు ముందు రూటరునే బిగింపవలెను: కంపెనీ పెట్టిన సంకేతపదమును మార్చుట, క్రొత్త కూర్పును ఎక్కించుట, వెలుపలినుండి రూటరు తెర తెరచు సదుపాయమును మూసివేయుట. 2018లో వి.పి.ఎన్.ఫిల్టర్ అను దుష్టక్రమణిక 54 దేశములలో కనీసము అయిదు లక్షల యంత్రములను పట్టుకొన్నది. అందు పెక్కు ఇట్టి చిన్న రూటర్లే. ద్వారపాలకుడే దొంగయైనప్పుడు సొరంగమేమి చేయును?

ఇవి ముగిసినచో మిగిలినది అరగంట పని. రూటరులో వైర్‌గార్డ్ అను క్రొత్త ముఖమును సృష్టించి, కీల జంటను పుట్టించి, 10.47.99.1 అను చిరునామా ఇచ్చి, వాడుకలోనున్న 51820 సంఖ్యగల ద్వారమును యు.డి.పి. పద్ధతికి మాత్రమే తెరువవలెను. ఇదియును ద్వారమే గదా, 3389తో దీనికి భేదమేమి అని అడుగవచ్చును. 3389 ద్వారము తట్టినవానికెల్ల ‘ఎవరు?’ అని పలుకును. వైర్‌గార్డ్ తనకు తెలిసిన కీ లేనివాడు ఎంత తట్టినను పలుకదు. లోపల మనిషి ఉన్న సంగతియే బయటపడదు. తరువాత గుమాస్తాగారి కంప్యూటరులో వేరుగా కీల జంటను పుట్టించి, అందలి బహిరంగ కీని మాత్రము తెచ్చి రూటరులో నమోదు చేసి, 10.47.99.2 అను చిరునామాను దానికి కట్టవలెను. రూటరు బహిరంగ కీ, రూటరు బహిరంగ చిరునామా, 51820 అను మూడింటిని వారి కంప్యూటరులో వ్రాయవలెను. కొన్ని రూటర్లు రెండు జంటలను తామే పుట్టించి చిత్రసంకేతముగా తెరపై చూపును. ఫోనుతో చూచినచో పని ముగియును. సౌకర్యమే గాని, ఆ చిత్రమునందు రహస్య కీ ఉన్నది. దానిని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపినచో సంచితో పాటు ముద్రను కూడ హర్కారాకు అప్పగించినట్లే.

‘అలౌడ్ ఐ.పి.లు’ అను గడి ఒకటి కనబడును. పెక్కుమంది తడబడునది ఇక్కడనే. గుమాస్తాగారి వైపు అందు 10.47.20.0/24 అని వ్రాసినచో కార్యాలయమునకు పోవు పొట్లములు మాత్రమే సొరంగమున పోవును. 0.0.0.0/0 అని వ్రాసినచో వారి ఇంట పిల్లలు చూచు సినిమా సైతము మక్తల్ కళాశాల చుట్టి పోవును. మన లైను నెమ్మదించును. రూటరు వైపు వారి పేర 10.47.99.2/32 అని మాత్రమే ఉండవలెను. అనగా ఈ కీ కలవాడు ఈ ఒక్క ఇంటిపేరుతోనే రావలెను, వేరు పేరు చెప్పినచో బయటనే నిలుపుదుమని అర్థము. అంతటితో ఆగక ఫైర్‌వాలులో సొరంగమునుండి కార్యాలయపు దస్త్రముల కంప్యూటరుకు మాత్రమే దారి విడువవలెను. విద్యార్థుల వైఫైనుండి కార్యాలయమునకు ఎట్టి దారియు ఉండరాదు. విద్యార్థులు కోపింపవలదు, ఇది మీపై అనుమానము కాదు. మీ ఫోనులోనికి వచ్చిన పీడ మీ మిత్రుని ధ్రువపత్రమును చేరకుండుటకే. ఇదే న్యాయము సొరంగమునకును వర్తించును. సొరంగము బాటను కాపాడునే గాని సంచిలో వేసినదానిని పరీక్షింపదు. ఇంటి కంప్యూటరులో తేలున్నచో లక్క ముద్రతో సహా తేలు కార్యాలయమునకు చేరును.

మన ఊళ్ళలో ఎదురగు చిక్కులు రెండు మూడు చెప్పవలెను. చిన్న పుటలు తెరచుకొనుచు పెద్ద దస్త్రములు మధ్యలో ఆగిపోయినచో పొట్లపు కొలత సరిపడలేదని గ్రహింపవలెను. సాధారణ పొట్లము 1500 బైట్లు. పై సంచికి చోటు కావలెను గనుక లోపలిది 1420కి మించరాదు, కొన్ని లైన్లపై 1412. ఎం.టి.యు. అను గడిలో దీనిని మార్చవచ్చును. కరెంటు పోయి వచ్చిన పిదప సొరంగము తెరచుకొననిచో గడియారమును చూడవలెను. చౌక రూటర్లలో గడియారపు బ్యాటరీ ఉండదు. కరెంటు రాగానే అవి పాత తేదీతో లేచును. పాత ఉత్తరమును దొంగ మరల పంపి మోసగింపకుండ వైర్‌గార్డ్, వెనుకటి పిలుపుకంటె ముందరి కాలముతో వచ్చిన పిలుపును త్రోసిపుచ్చును. కనుక రూటరు మొదట ఇంటర్నెట్టునుండి సరియైన కాలము తెచ్చుకొనునట్లు చేయవలెను, ఆ కాలము తెచ్చు దారి సొరంగములోనుండి పోరాదు. సత్రవాసియైన చివరలో ‘కీప్‌అలైవ్’ అను గడిలో 25 అని వ్రాసినచో ఇరువదియైదు సెకండ్లకొకసారి పలుకరింపు పోవుచు దారి మూసికొనిపోకుండును.

కార్యవర్గమువారు నా మాటలలో వేరేదియు గుర్తుంచుకొనకున్నను ఈ తరువాతి సంగతిని గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాను. 2021 మే నెలలో అమెరికాలోని కొలోనియల్ పైప్‌లైన్ అను కంపెనీలోనికి దుండగులు చొరబడిరి. దేశపు తూర్పు తీరమునకు ఇంధనము చేర్చు గొట్టపుమార్గమును కొన్ని దినములు మూసివేయవలసి వచ్చినది. పెట్రోలు బంకులవద్ద వరుసలు కట్టిరి. కంపెనీ సుమారు 44 లక్షల డాలర్లు చెల్లించినది. దుండగులు ప్రవేశించిన ద్వారము వాడుకలో లేని ఒక పాత వి.పి.ఎన్. ఖాతా. దానికి సంకేతపదము తప్ప రెండవ పరీక్ష లేదు. ఆ ఖాతాతో ఎవరికిని పనిలేకపోయినను ఎవరును దానిని తీసివేయలేదు. మన కళాశాలలో తాత్కాలిక గుమాస్తాలు వత్తురు, పోవుదురు, ఉపన్యాసకులు బదిలీయగుదురు, ఫోను పోగొట్టుకొందురు. ఇనుప తాళపుచెవిని పోవునాడు తిరిగి పుచ్చుకొందుము. ఈ కీని తిరిగి పుచ్చుకొనుట అసాధ్యము, రూటరులో ఆ పేరును కొట్టివేయుటయే మార్గము. అందువలన ఒకే కీని నలుగురు పంచుకొనరాదు. ఒక మనిషికి, ఒక యంత్రమునకు ఒక కీ. దానికొక రిజిస్టరు: ఎవరిది, ఏ యంత్రమునది, ఏ చిరునామా, ఇచ్చిన తేది, కొట్టివేసిన తేది, ప్రిన్సిపాలుగారి సంతకము. గ్రంథాలయపు పుస్తకముల రిజిస్టరు వ్రాయగల మనకు ఇది భారము కాదు. ఆరు మాసములకొకసారి దానిని రూటరు తెరతో పోల్చి చూడవలెను.

చివరకు పరీక్ష. కళాశాల వైఫైపై కూర్చుండి పరీక్షింపరాదు. లోపల ఉండి తలుపు తట్టినట్లగును. ఫోనులో మొబైల్ డేటాతో బస్టాండువద్దకు పోయి సొరంగమును తెరువవలెను. తప్పు జరిగినను వైర్‌గార్డ్ నోరు విప్పదు. ‘చివరి కరచాలనము’ ఎన్ని సెకండ్ల క్రిందట జరిగినదో చూపు పంక్తి ఒక్కటే ఆధారము. అది కనబడినచో కీలు, చిరునామా, ద్వారము సరియైనవి. తరువాత దస్త్రముల కంప్యూటరు తెరచుకొనవలెను, ప్రయోగశాల కంప్యూటరు తెరచుకొనరాదు. ఈ రెండవదానిని పరీక్షింపక ఇంటికి పోవువారే ఎక్కువ. ఆపైన విద్యార్థి ఒకనిని పిలిచి, కళాశాల వైఫైనుండి కార్యాలయపు చిరునామాను తెరువుమని చెప్పవలెను, అతడు ఓడిపోవలెను. తీరిక ఉన్నచో 2023 అక్టోబరులో ప్రారంభమైన జక్లేరు–కృష్ణ రైలుమార్గముపై ప్రయాణించుచు ఒకసారి చూడుడు. టవరు మారినప్పుడెల్ల ఫోను చిరునామా మారవచ్చును. కీ మారలేదు గనుక సిగ్నలు ఉన్నంతవరకు సొరంగము తెగదు; హర్కారా బాట మార్చినను సంచి అదియే.